సంక్రాంతి పూట "చలికాలం మీకు ఖాళీయేగా" అన్న పెద్దాయనకి

ఇవాళ మధ్యాహ్నం ఇక్కడ మన తెలుగువాళ్ళ సంక్రాంతి భోజనాల్లో ఒక పెద్దాయన, ప్లేట్లో క్రాన్‌బెర్రీ పులిహోర కలుపుకుంటూ, "పంట అక్టోబర్‌లోనే అయిపోయిందిగా బాబూ, ఏప్రిల్ దాకా ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తారా నీకు?" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్వారు. ఇంటికొచ్చి నాలుగ్గంటలైంది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

నేను విస్కాన్సిన్‌లో క్రాన్‌బెర్రీ తోటలో, అదే వాక్కాయలా పుల్లగా ఉండే ఎర్రటి కాయల తోటలో పనిచేస్తా. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా ఈ ఒక్క రాష్ట్రానివే. మీరు ఫోటోల్లో చూసే ఎర్రటి పళ్ళు తేలే చెరువు కోత కోసం పెట్టిన నీళ్ళండీ, తీగ నీళ్ళలో పెరగదు. ఏళ్ళ తరబడి బతికే తీగ అది, వచ్చే ఏడాది పూతకి మొగ్గలు ఈ ఏడు కోతలప్పటికే కట్టేసి ఉంటాయి, చలిగాలికి అవి ఎండిపోయాయా, వచ్చే ఏడు కాయే లేదు. అందుకే చలి ముదరగానే మడుల్లోకి నీళ్ళు వదిలి, అది గడ్డకట్టాక మళ్ళీ వదిలి, తీగలకి చలిగాలి తగలకుండా పొరలు పొరలుగా ఐసు కట్టిస్తాం. మన వరి మడికి లాగే గట్లు, తూములు అన్నీ ఉంటాయి. అర్ధరాత్రి తూము పలక బిగుసుకుపోతే గునపం పట్టుకుని ఐసు పగలగొట్టాలి, వేళ్ళు ఉన్నాయో ఊడాయో కూడా తెలీదు.

ఆ తర్వాత ఇసుక. ఐసు ట్రక్కు బరువు ఆపుతుందో లేదో బెజ్జాలేసి కొలిచి, దాని మీదే ట్రక్కులు నడుపుతూ అరంగుళం నుంచి అంగుళం మందాన ఇసుక పరుస్తాం, ఒక్కో మడికి మూడు నాలుగేళ్ళకోసారి. ఎండలొచ్చి ఐసు కరిగితే ఇసుక మెల్లగా తీగల మీదకి దిగుతుంది, పాకిన తీగ కొత్త వేళ్ళేస్తుంది, కొన్ని పురుగులు కిందే సమాధి. 1816 ప్రాంతంలో మసాచుసెట్స్‌లో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడ్డచోట తీగ బాగా ఎదుగుతోందని గమనించాడు, రెండొందల ఏళ్ళుగా రైతులు ఆ పాఠం మర్చిపోలేదు. మైనస్ 20 పడితే మేం దండం పెట్టుకుని ట్రక్కెక్కుతాం, చలి చాలని ఏడు ఐసు పలచబడి ఆ పనే ఆగిపోద్ది.

ఇదా ఖాళీగా కూర్చోవడం?

అదీ సంక్రాంతి పూట, ధాన్యం ఇంటికొచ్చిన పండగ పూట అన్నాడు. ఇక్కడ వాక్కాయ దొరక్క క్రాన్‌బెర్రీతో పప్పు, పచ్చడి, పులిహోర చేసుకుంటాం, అచ్చం వాక్కాయ పులుపేనని మురిసిపోతాం, దాన్ని పండించేవాడి పని మాత్రం మనకి పని కాదు!

మా ఊళ్ళోనూ ఇదే మాట. కోనసీమలో మా తమ్ముడు సార్వా వరి కోసి నడుం వాల్చకుండా రెండో పంట దాళ్వాకి నారు పోస్తాడు, ఈ చలిలో తెల్లారకముందే నీళ్ళు కట్టడానికి పోతాడు. వాడికేం పని, గట్టు మీద కూర్చోవడమేగా అంటారు చుట్టాలు. ఐదేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. ఒకావిడ "అబ్బాయి హైదరాబాద్‌లో ఏదో ఒక చిన్న ఉద్యోగంలో చేరితే అప్పుడు మాట్లాడదాం" అని ఫోన్ పెట్టేసింది. ఆరెకరాలు పండించేవాడు కనపడలేదా తల్లీ నీకు?

మొన్న అమ్మ ఫోన్ చేసి, "ఈసారొచ్చేవాళ్ళకి వ్యవసాయం అని కాకుండా బిజినెస్ అని చెప్పమంటావేంట్రా" అని నెమ్మదిగా అడిగింది. పక్కనే తమ్ముడున్నాడని నాకు తెలుసు. వద్దమ్మా, రైతనే చెప్పు అన్నా.