పాత బండి చూడ్డానికి పొద్దున్నే రావద్దు

ఉత్తరాంధ్రలో ఒక వర్గం ఏళ్ల తరబడి అవమానాల పాలవుతుంటే ఏ పార్టీ మ్యానిఫెస్టోలోనూ చోటు దొరకలేదు. హైవే పక్కన పాత పికప్‌లూ లారీలూ వరసగా నిలబెట్టి అమ్ముకునే పెద్దమనుషుల గురించి ఈ ఆవేదన. పాపం, తెల్లారేసరికి టైర్లకు నల్లరంగు పూసి, బంపరుకి నిమ్మకాయలు కట్టి, అద్దం వెనక పైడితల్లమ్మ పటం పెట్టి కూర్చుంటారు. కొనడానికొచ్చినవాడు అమ్మవారికి దండమైనా పెట్టకుండా నేరుగా బండి కిందకి దూరుతున్నాడు. అలమండ సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడితే పెట్టారు, ఆ పాడు అలవాటు బండ్ల దగ్గరకీ తెచ్చేశారు. దీని మీద చట్టం రావాలి. ముసాయిదాకి పనికొస్తాయని ఈ కొనుగోలుదార్ల ఆగడాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాం.

అన్నింటిలోకీ ఘోరమైనది, చెప్పకుండా పొద్దున్న ఆరింటికే దిగిపోవడం. అమ్మేవాడు పదింటికి రమ్మంటే దానికో కారణం ఉంటుంది. ఆపాటికి ఇంజను ఒకసారి తిరిగి వేడెక్కి ఉంటుంది, వేడి మీద ఎంత అరిగిపోయిన ఇంజనైనా ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది. ఈ ఆరింటివాళ్లు ముందు బానెట్ ఎత్తి హెడ్ మీద అరచెయ్యి వేస్తారు. వెచ్చగా తగిలితే "మళ్లీ వస్తాం లెండి" అని వెళ్లిపోతారు. చల్లగా ఉంటేనే సెల్ఫ్ కొట్టమంటారు. కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) పోయిన డీజిల్ ఇంజను చలిలో నాలుగైదు సార్లు దగ్గి గాని లేవదు, లేచాక తెల్లపొగ కక్కుతుంది. నిమిషం, రెండు నిమిషాల్లో ఆ తెలుపు పోతే ఫరవాలేదంటారు. పోకుండా కళ్లు మండిస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదట, డీజిల్ చిమ్మే నాజిల్సో కంప్రెషనో చూడాలట. తియ్యటి వాసన వస్తే ఇంజనుని చల్లబరిచే కూలెంటు లోపలికి దిగుతోందట, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. పొగ నీలంగా ఉంటే ఆయిలు కాలుతోంది, నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది లేదా నాజిల్స్ కారుతున్నాయి. పొగ అన్నది బండి సొంత వ్యవహారం. దాని రంగు చూసి జాతకం చెప్పే హక్కు వీళ్లకి ఎవరిచ్చారో?

అంతటితో ఊరుకోరు. ఇంజను ఐడిలింగులో ఉండగానే ఆయిలు పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద తిరగేసి వదిలేస్తారు. మూత అక్కడే కూర్చుంటే ఏమీ అనరు. ఎగిరెగిరి పడితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ సిలిండరు లోపలి లైనర్లూ అరిగి, మండిన గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి దిగిపోతోందని వాళ్ల సిద్ధాంతం. "సీల్ ఇంజనండి బాబూ, ఇంతవరకూ ఎవుడూ చెయ్యెట్టనేదు" అని అమ్మేవాడు ప్రమాణం చేస్తుండగానే డిప్‌స్టిక్ తీసి వేలికి రాసుకుని వాసన చూస్తారు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలిశాయి. పల్చబడి, గీత దాటి పైకొచ్చి డీజిల్ కంపు కొడితే పంపునుంచో నాజిల్‌నుంచో డీజిల్ దిగుతోంది. నిన్ననే పోసిన కొత్త ఆయిలు తేనె రంగులో మెరుస్తుంటే మరీ అనుమానం! కొత్త ఆయిలు పోయడం కూడా తప్పైపోయిన రోజులివి.

ఇక ఆరు సిలిండర్ల సంగతికి వద్దాం. పికప్ అడిగినవాడికి "సిక్స్ సిలిండరండి, సాలూరు ఘాటీ నిద్దర్లో ఎక్కేస్తాది" అని చెప్పడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. సాహిత్యంలో దీన్ని అతిశయోక్తి అంటారు, అలంకారం. కానీ కొత్తతరం కొనుగోలుదారు పంపునుంచి నాజిల్స్‌కి వెళ్లే ఇనప గొట్టాలు లెక్కపెడుతున్నాడు. నాలుగే. టాటా 207 డీఐలో ఉన్నది 497 ఇంజను. మొదటి అంకె సిలిండర్లు, తర్వాతి రెండంకెలు మిల్లీమీటర్లలో బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. నాలుగు సిలిండర్లు, 97 మి.మీ. బోరు, 2,956 సీసీ. బొలెరో పికప్‌కీ నాలుగే, 2,523 సీసీ. లేలాండ్ దోస్త్‌కి మూడు. 2005లో వచ్చిన టాటా ఏస్‌కైతే రెండే. ఆరు కావాలంటే పాత టాటా లారీల్లో ఉండే 697 దగ్గరికి పోవాలి, అది 5,675 సీసీ. ఇంత లెక్క ఇంజను మీద అచ్చుగుద్ది మరీ పెట్టిన కంపెనీవాడు అమ్మేవాళ్లకి చేసిన అన్యాయం సామాన్యమైనది కాదు.

నిజానికి ఆరు సిలిండర్ల లారీ అమ్మేవాడికి దేవుడిచ్చిన వరం. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఏదో ఒక సిలిండర్లో డీజిల్ మండి ఒక దెబ్బ పడుతుంది. ఒక సిలిండరు చస్తే బండి మొత్తం ఊగిపోతుంది, పక్కన నిలబడ్డ పిల్లాడికైనా తెలిసిపోతుంది. ఆరింటిలో 120 డిగ్రీలకో దెబ్బ. ఒకటి పడుకున్నా మిగతా అయిదూ దాని పరువు కాపాడతాయి. ఇంతటి ఐకమత్యాన్ని సాలూరు మెకానిక్కులు చెడగొట్టారు. (సాలూరు లారీల ఊరు. 2022లో జిల్లా మారింది గాని ఆ బుద్ధి మారలేదు.) ఇంజను ఐడిలింగులో పెట్టి, స్పానర్‌తో ఒక్కో నాజిల్ నట్టు అరచుట్టు వదులు చేస్తారు. చప్పుడు కుంగితే ఆ సిలిండరు పనిచేస్తోంది. ఏ మార్పూ లేకపోతే చచ్చినది అదే. దాని నాజిల్ తీసి పక్కదానికి, పక్కదాని నాజిల్ దీనికి బిగిస్తారు. జబ్బు నాజిల్‌తోపాటు పక్కకి వెళ్తే తక్కువలో పోయింది. అక్కడే ఉండిపోతే వాల్వో, పిస్టనో, లైనరో. ఫుల్ ఇంజను చెయ్యాలంటే ఆరు లైనర్లు, ఆరు పిస్టన్లు, ఆరు సెట్ల రింగులు, పన్నెండు వాల్వులు. "ఆరు" అని గర్వంగా చెప్పిన ప్రతిదాన్నీ బిల్లులో ఆరుతో గుణిస్తారన్నమాట. ఒక్క హెచ్చరిక మాత్రం వ్యంగ్యం లేకుండా: ఈ నట్టు వదిలే పని పాత మెకానికల్ పంపు ఇంజన్ల మీదే. కొత్తరకం కామన్ రైల్ ఇంజనులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటుతుంది. స్పానర్ పెడితే చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఆరు సిలిండర్ల మోజు తీర్చుకున్నవాడికి ఇంకో బహుమతి కూడా ఉంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటిన బండికి లైట్ లైసెన్సు చెల్లదు, హెవీ డ్రైవరుని జీతానికి పెట్టుకోవాలి. కూరగాయలు రైతుబజారుకి తోలుకుందామనుకున్నవాడికి డ్రైవరూ క్లీనరూ కలిసొస్తారు.

తుప్పు వెతుకుతూ సముద్రం మీద నెపం వేసేవాళ్లు మరో రకం. "ఉద్దానం కొబ్బరికాయలు తప్ప ఇంకేటీ మొయ్యనేదు" అని చెప్పినా వినకుండా చిన్న సుత్తి తీసి ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) మీద టంగుటంగున కొట్టుకుంటూ పోతారు. గట్టి ఇనుము మోగుతుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. చేపలు మోసిన బండిలో ఐసు కరిగి ఉప్పునీళ్లు తొట్టిలోంచి కిందికి కారుతుంటాయి. నౌపడ ఉప్పు మోసినదాని సంగతి చెప్పనే అక్కర్లేదు. తుప్పు ముందు పట్టేది బరువు మోసే వెనక కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, అడ్డ మెంబర్ల మధ్య, క్యాబిన్ మౌంటింగుల కింద, బ్రేకు పైపుల మీద. రెండు పలకలు రివిట్లతో కలిసినచోట మధ్యలో తుప్పు ఉబ్బి పలకల్నే విడదీస్తుంది. అమ్మేవాడు ఎంతో ప్రేమగా పూసిన నల్లరంగుని గోటితో గీకి మరీ చూస్తారు. కమాన్ కట్టలో అదనంగా ఒకటో రెండో పట్టీలు కనిపిస్తే, కొబ్బరికాయలకి ఇంత బలం ఎందుకబ్బా అని అడుగుతారు. టెక్కలి గ్రానైట్ ముక్కలకనీ వంశధార ఇసకకనీ ఎవరు ఒప్పుకుంటారు? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చి వంశధార పొంగిన సంగతి గుర్తుపెట్టుకుని, సీటు పట్టాల కింద ఒండ్రుమట్టీ వైరింగు కనెక్టర్లలో పచ్చటి చిలుమూ వెతికే దుర్మార్గులు కూడా ఉన్నారు.

నడిపి చూసేవాళ్ల ఆగడాలు త్వరగా ముగిద్దాం. హ్యాండ్‌బ్రేకు లాగి మూడో గేరులో క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోవాలి, ఆగకుండా గర్రుమంటే ప్లేటు జారుతోంది. దిగుడులో యాక్సిలేటర్ వదిలితే రెండో గేరు దానంతటదే జారి న్యూట్రల్లో పడితే గేరుబాక్సు లోపల అరుగుదల ఉంది. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదలకూడదు. ముందు టైర్లు రీబటన్ (అరిగినవాటి మీద కొత్త రబ్బరు అతికించినవి) అయితే బేరం అక్కడే ఆగిపోతుంది.

చివరిగా కాయితాలు. ఇక్కడ మాత్రం కొనేవాళ్లలో చాలామంది సంస్కారవంతులు, ఆర్సీ కార్డు చూపిస్తే చాలు జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. కొద్దిమందే మొండివాళ్లు. పేరు మార్పు కోసం ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అడుగుతారు. ఫైనాన్సు ఉంటే అది తీరిందని చూపే ఫారం 35తో పాటు వాళ్ల నో అబ్జెక్షన్ కూడా కావాలంటారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశానుంచి వచ్చిన బండైతే అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే ఫారం 28 లేకుండా అడుగు ముందుకెయ్యరు. ఫిట్‌నెస్ చూస్తారు, ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి అది ఏటేటా చెయ్యించాలి. మూడు నెలలకోసారి కట్టే ట్యాక్సు బకాయిలు, ఈ-చలాన్లు ఎవరు కడతారని అడుగుతారు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ ఏదంటారు. 2019కి ముందైతే ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని బండి ఊరైనా తెలిసేది. ఆ ఏడాది నుంచి జిల్లా తేడా లేకుండా రాష్ట్రమంతటికీ ఒకే వరస, ఏపీ 39, రావడం ఒక్కటే అమ్మేవాళ్లకి ఈమధ్య జరిగిన మేలు.

మిగిలినవాళ్లకి "పేరు మార్పుకి ఏటి తొందర, పండగెల్లాక సూద్దాం" అంటే సరిపోతుంది. ఏ పండగో ఎవరూ అడగరు. సంక్రాంతి వెళ్తుంది, అరసవల్లిలో రథసప్తమి వెళ్తుంది, సిరిమానోత్సవం వెళ్తుంది. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో ఆర్టీఓకి తెలపాలన్న చట్టం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈలోగా బండి ఎక్కడో నాగావళి వంతెన దాటుతూ ఎవరినో గుద్దుతుంది. 2018లో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడే ఓనరు, పరిహారం బాధ్యతా ఆయనదే. అమ్మి, డబ్బు తీసుకుని, ఆ డబ్బుతో ఇంకో పాత బండి కొని, దానికి నల్లరంగు పూస్తూ కూర్చున్న పెద్దమనిషి చేతికి ట్రిబ్యునల్ నోటీసు వస్తుంది. అందులో బండి నంబరు ఉంటుంది, ఆయన పేరు ఉంటుంది. సిలిండర్లు ఎన్నో ఉండదు.