సీటు కంటే ముందే చెప్పాలి, సర్కారు ఎంత కడుతుందో

ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పేద విద్యార్థుల కాలేజీ ఫీజు సర్కారు కట్టే పథకం గురించి తెలంగాణలో మాట్లాడేవాళ్లంతా కాలేజీలకు సర్కారు పడ్డ బకాయిల దగ్గరే ఆగిపోతారు. 2025 నవంబర్ మొదట్లో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినప్పుడు టీవీల్లో నడిచింది అదే లెక్క: ఎన్ని వేల కోట్లు రావాలి, ఎన్ని వందల కోట్లకు బేరం కుదిరింది. బకాయిలు చిన్న విషయమని అనను. కానీ అంతకంటే ముందు మెట్టులో ఒక తలకిందుల వ్యవహారం 2008లో ఈ పథకం పుట్టినప్పటి నుంచీ నడుస్తోంది. దాని కోసం ఎవరూ బంద్ పెట్టలేదు, పెట్టరు కూడా. పిల్ల ముందు కాలేజీలో చేరుతుంది. సర్కారు తన చదువుకు ఎంత కడుతుందో, అసలు కడుతుందో లేదో ఖాయంగా తెలిసేది నెలల తర్వాత.

కౌన్సెలింగ్ సంగతి తెలిసినవాళ్లు వెంటనే అడ్డం పడతారు. అలాట్‌మెంట్ లెటర్ మీద ఫీజు రాసే ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ హెల్ప్‌లైన్ సెంటర్‌లో కులం, ఆదాయం సర్టిఫికెట్లు చూస్తారు, అర్హులు కట్టాల్సింది తగ్గించి చూపిస్తారు. డిగ్రీకి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లలోనూ ఇవే వివరాలు అడుగుతారు. ఒకసారి చూశాక పని అయిపోవాలి కదా? అవ్వదు. అవే కాగితాలతో సర్కారు స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ప్రింటు తీసి, జిరాక్స్‌లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ఆపైన వేలిముద్ర, ప్రిన్సిపాల్ లాగిన్, సంక్షేమ శాఖ అధికారి పరిశీలన, జిల్లా ఆఫీసు మంజూరు, ట్రెజరీ. లెటర్ మీది అంకె ఈ గడపలన్నీ దాటితేనే నిజమవుతుంది. మధ్యలో ఎక్కడ ఆగినా కాలేజీ వాళ్లు నిలదీసేది పిల్ల తండ్రినే.

నేను అడిగేది ఒక్కటే. ఈ పరిశీలన మొత్తం ఇంటర్ రెండో ఏడాదిలోనే, జనవరి నాటికి పూర్తి కావాలి. అప్పటికి పిల్లలు జూనియర్ కాలేజీలో కళ్లెదుటే ఉంటారు. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ సర్కారు దగ్గర ఉన్నవే. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లయితే అదే ఈపాస్‌లో అప్పటికే నమోదై ఉంటారు. ఎప్‌సెట్ రాసే నాటికి ప్రతి ఇంటికీ ఒక ఉత్తరం అందాలి: మీ అమ్మాయి కన్వీనర్ కోటాలో (కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటులో) చేరితే ఇంజినీరింగ్‌కు ఇంత, డిగ్రీకి ఇంత, నర్సింగ్‌కు ఇంత మేం కడతాం, హాజరు 75 శాతం ఉంటే చాలు. కింద తహసీల్దార్ సంతకం, సంక్షేమ శాఖ సంతకం. అంతటితో దరఖాస్తు అనే తతంగం ముగిసిపోవాలి.

దీనివల్ల ఏం మారుతుందో అర్థం కావాలంటే వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ఒక బీసీ ఇంట్లో కూర్చోవాలి. ర్యాంకు పది వేల లోపు వస్తే బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు వస్తుంది. దాటితే ఇంజినీరింగ్‌కు సర్కారు ఇచ్చేది 35 వేలే. ఈ 35 వేల గీత గీసి పుష్కరం దాటింది. ఈలోగా ఫీజులు ఎక్కడికో వెళ్లాయి. 2022లో ఖరారు చేసిన కనీస ఫీజే 45 వేలు, పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. అంటే పది వేల ఒకటో ర్యాంకు వచ్చిన కుర్రాడు హైదరాబాద్‌లో మంచి కాలేజీ పెట్టుకుంటే ఏటా లక్షకు పైగా ఇంటి నుంచి కట్టాలి, నాలుగేళ్లకు నాలుగు లక్షల పైమాటే. హాస్టల్ ఖర్చు దీనికి అదనం. ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరైనా ముందు చెప్పారా? చాలా ఇళ్లలో చెప్పలేదు. ‘రీయింబర్స్‌మెంట్ ఉంది కదా’ అన్న ఒక్క మాట మీద ఆప్షన్లు పెట్టేస్తారు. రెండో ఏడాదికి వచ్చేసరికి మిర్యాలగూడ దగ్గరి ఎకరమో, కల్వకుర్తి దగ్గరి రెండెకరాలో అమ్మకానికి వస్తాయి. ముందే తెలిస్తే ఆ కుర్రాడు ఏ కాలేజీ పెట్టుకునేవాడో, ఏ కోర్సు ఎంచుకునేవాడో. ఆ ఎంపిక చేసుకునే హక్కునే ఈ పద్ధతి లాగేసుకుంటోంది. నాకు అసలు కోపం ఇక్కడ.

దక్షిణ తెలంగాణలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. పాలమూరు వలసల గురించి ఉపన్యాసాలు విన్నవాళ్లకు ఈ చిన్న సంగతి తట్టదు: మక్తల్‌లోనో నారాయణపేటలోనో ఉన్న పిల్ల మీసేవ కౌంటర్ ముందు నిలబడుతుంది. తండ్రి ఫోను ముంబయిలో పని దగ్గర ఉంటుంది. ఆధార్‌కు లింకైన నంబరు అదే. ఓటీపీ అక్కడ మోగుతుంది, ఆయన ఎత్తేలోపు టైమ్ అయిపోతుంది. ఆదాయం సర్టిఫికెట్‌కు విచారణ జరగాలంటే ఇంటికి తాళం. పోనీ ఊళ్లో అడిగి రాయడానికి మనిషైనా ఉన్నాడా అంటే, 2020లో వీఆర్వోలను (గ్రామ రెవెన్యూ అధికారులను) తీసేశారు, 2025లో గానీ గ్రామ పాలనాధికారులు రాలేదు. ఆ మధ్య ఐదేళ్లూ భారమంతా మండలంలో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) మీదే పడింది. దేవరకొండ, చందంపేట తండాల నుంచి హైదరాబాద్ అడ్డాల మీదికి పోయిన కుటుంబాలదీ ఇదే కథ. తల్లిదండ్రులు దసరాకో సంక్రాంతికో ఇల్లు చేరతారు. అప్పటికి కాలేజీ వాళ్లు ఇంకా అప్లై చేయలేదా అని పిల్లను నాలుగుసార్లు నిలబెట్టి ఉంటారు. గడువు ఏటా పెంచుతూనే ఉన్నారు కదా అని అధికారులు అంటారు. ప్రతి ఏడాదీ పెంచాల్సి వస్తోందంటే తప్పు గడువు పెట్టడంలోనే ఉందని ఎవరికీ తోచదా?

ఇక ఆదాయ పరిమితి. పల్లెలో ఉండే బీసీ కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు. ఈ లక్షన్నరను పన్నెండు నెలలకు పంచితే నెలకు 12,500. సర్కారు తన ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ అటెండర్‌కు 2021 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఇచ్చే 15,600 కూడా దీనికంటే ఎక్కువే. పల్లె నుంచి వచ్చి పోతూ కలెక్టరేట్‌లో ఫైళ్లు మోసే మనిషి, రూల్ ప్రకారం చూస్తే, పేదవాడు కాదన్నమాట. అదే దేశంలో ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పేదలే. ఎస్సీ, ఎస్టీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం పెట్టుకున్న గీత కూడా రెండున్నర లక్షలు. మన గీత మాత్రం కదలదు. కదలకపోవడం వల్ల జరిగేదేంటో అందరికీ తెలుసు: నిజం చెప్పినవాడు నష్టపోతాడు. ఊరంతా 1,40,000 దగ్గర కుదురుకుంటుంది. ఆ అబద్ధం మీద తహసీల్దార్ సంతకం పెడతాడు, దాన్ని సంక్షేమ శాఖ మళ్లీ పరిశీలిస్తుంది.

ఇంత పరిశీలన ఎందుకయ్యా అంటే, అక్రమాల సంగతి చెబుతారు. నిజమే, కాగితాల మీద పిల్లల్ని చూపించి సొమ్ము లాగిన కాలేజీలు ఉన్నాయి, రాని విద్యార్థికి హాజరు వేసిన రిజిస్టర్లు ఉన్నాయి. ప్రజల డబ్బుకు కాపలా ఉండాల్సిందే. కానీ దొంగతనం చేసింది యాజమాన్యాలు, వేలిముద్రలు వేస్తున్నది పిల్లలు. కాలేజీ మీద నిఘా పెట్టడానికి విద్యార్థి పొద్దంతా క్యూలో ఎందుకు నిలబడాలి? అర్హత ఇంటర్‌లోనే తేల్చేస్తే, చేరాక చూడాల్సింది హాజరు ఒక్కటే. ఆ బాధ్యత కాలేజీది, తప్పుడు లెక్క చూపితే శిక్షా కాలేజీకే.

సర్కారు వింటుందని కూర్చునే తీరిక ఈ ఏడాది ఇంటర్ రాస్తున్నవాళ్లకు లేదు. కాబట్టి వాళ్లు చేయాల్సింది కూడా చెప్పాలి, అది కూడా నా వాదనలో భాగమే: ఉత్తరం కోసం ఎదురుచూడకుండా మీరే జనవరిలో మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉందా చూడండి. ఈపాస్ పదో తరగతి రికార్డునే పట్టుకుంటుంది, అక్కడ తేడా వస్తే దరఖాస్తు మొదట్లోనే ఆగుతుంది. పిల్ల పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలి, వాడుకలో ఉండాలి, సర్కారు డబ్బు నేరుగా పడేలా ఆధార్ ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయ్యిందో లేదో బ్యాంకులో అడగాలి. ఫీజు కాకుండా విద్యార్థి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ డబ్బు ఆ ఖాతాలోకే వస్తుంది. ఎస్సీ విద్యార్థులకైతే కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేయాలన్నది 2021 నుంచి ఉన్న నిబంధన. ఆధార్‌కు పిల్ల దగ్గరే ఉండే ఫోన్ నంబరు లింకు చేయించండి, ముంబయిలో ఉన్న ఫోను వద్దు. ఆదాయం సర్టిఫికెట్ కౌన్సెలింగ్ రద్దీ మొదలుకాకముందే, మే నెలలోనే తెచ్చుకోండి.

సీటు విషయంలో ఒకటే హెచ్చరిక: మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘చేరండి, తర్వాత చూద్దాం’ అనే కాలేజీ పీఆర్వోల మాట నమ్మొద్దు. చేరాక దరఖాస్తు ప్రింటు కాలేజీలో ఇచ్చినప్పుడు అందినట్టు సంతకం తీసుకోండి. ఈపాస్‌లో స్టేటస్ మీరే చూసుకుంటూ ఉండండి. కాలేజీ దగ్గర ఆగిందా, జిల్లా ఆఫీసులో ఆగిందా, బిల్లు అయ్యి ట్రెజరీలో ఉందా అన్నది అక్కడ కనబడుతుంది, దాన్నిబట్టే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

పరిమితి దాటి ఈపాస్ అందనివాళ్లను మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు కేంద్రం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దారి ఉంది. ఇంటర్‌లో తమ బోర్డులో పైనున్న 20 శాతంలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీకి ఏడాదికి 12 వేలు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపు ఉన్న కాలేజీలో చేరే అమ్మాయికి ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేలు, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు. ఇవి రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకునేవి కావు. అందుకే లక్షన్నరకూ నాలుగున్నర లక్షలకూ మధ్య ఇరుక్కున్న ఇళ్లకు సరిగ్గా సరిపోతాయి. ఎన్ని జూనియర్ కాలేజీల నోటీసు బోర్డు మీద ఈ రెండు పేర్లు ఉన్నాయో మీరే పోయి చూడండి. బ్యాంకు రుణం చివరి మాట: నాలుగు లక్షల వరకు హామీ అడగకూడదు, 2024లో వచ్చిన విద్యాలక్ష్మి పథకం పెద్ద సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకే.

కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ల గండం. సర్కారు బాకీ పడితే పిల్ల మెమోలు తాకట్టులో ఉంటాయి. అప్పు ఒకరిది, కుదువ పెట్టిన సొమ్ము ఇంకొకరిది. షావుకారు కూడా ఇలా చేయడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఉద్యోగం ఆర్డర్ చేతిలో పెట్టుకుని అప్పు చేసి ఫీజు కట్టి టీసీ తెచ్చుకున్నవాళ్లు మన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరికొకరు దొరుకుతారు. తర్వాత ఎప్పుడో సర్కారు సొమ్ము కాలేజీ ఖాతాలో పడుతుంది. అది తిరిగి తండ్రి చేతికి వచ్చిందో లేదో ఎవరూ అడగరు.

అసలు ఈ తిరుగుడంతా ఎందుకు అవసరమైంది? రీయింబర్స్‌మెంట్ మొదలైన కాలంలోనే మనకు రెండు యూనివర్సిటీలు ఇచ్చారు: 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు. పథకం ప్రైవేటు కాలేజీల భవనాలు పెంచింది. యూనివర్సిటీలు మాత్రం ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీదే బతుకు ఈడుస్తున్నాయి. సర్కారీ ఇంజినీరింగ్ సీటు కోసం పాలమూరు పిల్లలు పట్నం పోవాల్సిన రోజులే ఎక్కువ. వనపర్తిలో జేఎన్టీయూ కాలేజీ, కోస్గిలో పాలిటెక్నిక్‌ను ఇంజినీరింగ్ కాలేజీగా మార్చడం, ఇవన్నీ గత నాలుగైదేళ్ల ముచ్చట. సర్కారీ కాలేజీలో ఫీజు అంతంతే ఉన్నప్పుడు రీయింబర్స్ చేయడానికి మిగిలేదే కొంచెం, తాకట్టు పెట్టుకునేవాడూ ఉండడు. నల్లగొండ ఎన్‌జీ కాలేజీలో, పాలమూరు ఎంవీఎస్‌లో డిగ్రీ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న తరం రీయింబర్స్‌మెంట్ పేరు కూడా వినలేదు.

వచ్చే బడ్జెట్‌లో ఫీజు బకాయిల పద్దు మీద ఎమ్మెల్యేలు తప్పక మాట్లాడతారు, కాలేజీలు వాళ్లతో మాట్లాడిస్తాయి. ఆ పద్దు పక్కనే వనపర్తి, కోస్గి కాలేజీల్లో, ఎంజీయూలో, పాలమూరు యూనివర్సిటీలో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఎన్ని భర్తీ చేస్తారన్న ప్రశ్న కూడా పెట్టమని మన నియోజకవర్గాల్లో వాళ్లను అడగాలి. ఎప్‌సెట్ కంటే ముందే ఇంటికి రావాల్సిన ఆ ఉత్తరం గురించి కూడా.