ఇన్సూరెన్స్ కట్టినవాడికి విశ్వాసం లేదా?

అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. సంఘం గ్రూపులో, బంధువుల గ్రూపులో, చివరికి స్త్రీల ఉపవాస ప్రార్థన గ్రూపులో కూడా. "నిజమైన విశ్వాసికి హెల్త్ ఇన్సూరెన్స్ ఎందుకు?" అని మొదలై, ఇరవైమందికి పంపితే మూడు రోజుల్లో స్వస్థత అని ముగుస్తుంది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లు, ప్రార్థనాపరులు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ మెసేజ్‌లోని తేలిక వాదనలను ముందు పక్కన పెడతాను. పాలసీ నంబరు 666 అనే మృగం ముద్ర అట. ప్రకటన 13వ అధ్యాయం తీసి చదవండి, అది మృగానికి నమస్కారం చేసేవాళ్ల గురించి. ప్రీమియంలో 18 శాతం పన్నుకే పోతుందట. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద జీఎస్టీ లేదు. ఇన్సూరెన్స్ జూదం అట. జూదమాడేవాడు గెలవాలని చూస్తాడు, పాలసీ కట్టినవాడు ఆ డబ్బు వాడుకునే రోజే రాకూడదని కోరుకుంటాడు. సరే, జూదమే అనుకుందాం. మరి రూపాయి కట్టకుండా పేదవాడి చేతికొచ్చిన ఆరోగ్యశ్రీ కార్డు సంగతేమిటి? 2007లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి దానితో గుండె ఆపరేషన్ చేయించుకుని, మన వేదికల మీదే సాక్ష్యం చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారా?

ఇక వాక్యాలు. ఆసా రాజు వైద్యుల దగ్గరికి వెళ్లి చచ్చిపోయాడు, చూడండి అంటున్నారు. రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయం మొత్తం చదవండి. గద్దించిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు, జనాన్ని బాధపెట్టాడు, పాదాలకు జబ్బు వచ్చినా దేవుణ్ని అడగలేదు. వైద్యుల్ని పిలవడం కాదు, దేవుణ్ని వదిలేయడం అతని తప్పు. చావు జబ్బు పడిన హిజ్కియా రాజు సంగతి ఎందుకు రాయలేదు? పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. వాగ్దానం, మందు ఒకే గదిలోకి, ఒకే ప్రవక్త చేత వచ్చాయి.

"ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అన్న 91వ కీర్తన పెద్ద అక్షరాల్లో పెట్టారు. నాకూ ప్రాణప్రదమైన కీర్తన అది. కానీ అదే కీర్తన ఎత్తి చూపించి, దేవాలయ శిఖరం మీంచి దూకమని యేసుకు చెప్పింది ఎవరు? సాతాను. యేసు దూకలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు.

రేపటి గురించి చింతించవద్దన్న మాటకు జవాబు యోసేపు. ఏడు మంచి సంవత్సరాల్లో అయిదో వంతు ధాన్యం దాచమని ఐగుప్తు రాజు ఫరోకు చెప్పాడు. కలను పంపిందీ, దాని భావం చెప్పించిందీ దేవుడే. 1744లో స్కాట్లాండ్‌లో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు పాదిరులు, చనిపోయిన పాదిరుల భార్యాబిడ్డలు రోడ్డున పడకూడదని నిధి పెట్టారు. ఎంతమంది ఏ వయసులో చనిపోతారో లెక్కగట్టి నడిపిన తొలి బీమా నిధుల్లో అదొకటి. మన సంఘాల్లో పీఎఫ్ లేక, ఈఎస్ఐ లేక సేవచేసే పాస్టర్లు ఎందరో ఆలోచించండి. అయ్యగారు పోయాక అమ్మగారి కోసం కానుకల సంచి తిప్పడం విశ్వాసమూ, ముందే ఏర్పాటు చేయడం అవిశ్వాసమూనా?

అసలు నన్ను కూర్చోనివ్వనిది ఆ మెసేజ్‌లోని మూడో పాయింటు. "మందులు వేసుకోవడమంటే రోగాన్ని ఒప్పుకోవడమే. అతడు పొందిన దెబ్బలచేత స్వస్థత కలిగింది కనుక మాత్రలు పారేయండి." ఇది రాసినవాళ్లు ఎవరింటి మంచం పక్కనైనా రాత్రంతా కూర్చున్నారా? చిన్నప్పటి నుంచి షుగర్ ఉన్న పిల్లకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆగని ఫిట్స్ రావచ్చు. గుండెకు లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు రక్తం పలచబడే మాత్ర మానితే అక్కడ గడ్డ కట్టవచ్చు. ఆరు నెలలు వాడాల్సిన టీబీ మందు రెండు నెలలకే, దగ్గు తగ్గింది, స్వస్థత వచ్చింది అని ఆపితే, మందులకు లొంగని మొండి టీబీగా మారి ఇంట్లో పసిపిల్లలకూ అంటుకోవచ్చు. ప్రాణం పోయాక "విశ్వాసం చాలలేదు" అంటారు. చనిపోయినవాళ్ల మీదే నింద వేస్తారు. పౌలు విశ్వాసం చాలకే తన తోటి సేవకుడు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడా? తన శిష్యుడు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాయడం రోగాన్ని ఒప్పుకోవడమా? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. "రోగులకే గాని ఆరోగ్యముగలవారికి వైద్యుడక్కరలేదు" అన్నది ప్రభువే.

మన ఊళ్లకు సువార్త ఎలా వచ్చిందో మరిచిపోయామా? 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి కట్టిన ఇసబెల్ కెర్ డాక్టరు. వాళ్లు మందు ఇచ్చారు, ప్రార్థన చేశారు. రెండింటికీ మధ్య గోడ కట్టింది మనం.

"నాకు షుగర్ లేదు అని నోటితో ఒప్పుకోండి" అన్న సలహా నుంచి ఇంకో ప్రమాదం పుడుతోంది. కొందరు అదే నమ్మి, పాలసీ ఫారంలో కూడా జబ్బు లేదని రాస్తున్నారు. అది విశ్వాసం కాదు, అబద్ధ సాక్ష్యం. ఆసుపత్రిలో చేరాక పాత చీటీలు బయటపడతాయి, క్లెయిము తిరస్కరిస్తారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే పాత జబ్బుకు ఆగాల్సింది ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు.

ప్రీమియం డబ్బు "విత్తనం"గా, అంటే దీవెన కోసం వేసే కానుకగా, ఫలానా నంబరుకు పంపమన్నారు. ఆ నంబరు పెట్టినవాళ్లకు ఒకటే ప్రశ్న. విత్తనం వేసిన ఆ తల్లి రేపు ఐసీయూలో ఉంటే బిల్లు మీరు కడతారా? తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు రాసింది కానుకల పెట్టెలో వేసినంత మాత్రాన కొట్టివేయబడదు.

కంపెనీలు క్లెయిములు ఎగ్గొడతాయి అన్నారు. కొన్నిసార్లు నిజమే. దానికి మందు ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది, ఫిర్యాదుకు రుసుము లేదు.

అయితే ఆ మెసేజ్‌లో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "కార్డు వచ్చాక సంఘం రోగిని చూడడం మానేసింది." ఇది నిజం. ఒకప్పుడు ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారంటే గంజి క్యారేజీ వెళ్లేది, రాత్రికి తోడు వెళ్లేవాళ్లు, చేతిలో నోటు పెట్టి వచ్చేవాళ్లు. ఇప్పుడు "ఇన్సూరెన్స్ ఉందిగా" అని ఫోన్ పెట్టేస్తున్నాం. ఒకరి భారాలు ఒకరు భరించమన్న ఆజ్ఞను ఏ కంపెనీకీ అప్పగించలేం. యేసు చెప్పిన కథలో సమరయుడు దారిలో పడి ఉన్నవాడి గాయాలకు నూనె పోసి కట్టు కట్టాడు, సత్రంలో రెండు దేనారములు కట్టాడు, తిరిగి వస్తానని కూడా చెప్పాడు. ఆ మూడోది మనం ఎగ్గొడుతున్నాం.

నా నిశ్చయత నాకు జబ్బు రాదన్నది కాదు. మరణమైనా జీవమైనా క్రీస్తు ప్రేమ నుంచి నన్ను విడదీయలేవన్నది. పాలసీ ఉన్నా, లేకపోయినా అది మారదు.

అన్నయ్యలూ, అక్కయ్యలూ, మీరు ఈ మెసేజ్ ఎవరికి పంపారో ఆ ఇరవైమందిలో బీపీ, షుగర్, ఫిట్స్, గుండె, టీబీ మందులు వాడేవాళ్లు ఎవరో మీకు తెలుసు. ఈరోజే ఫోన్ చేయండి. మానేశారని తెలిస్తే పాత మాత్రలు మళ్లీ సొంతంగా మొదలుపెట్టనివ్వకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మీరు కూడా వెంట వెళ్లండి.