పాకిస్తాన్ తొలి నోట్ల మీద మన తెలుగు

పాకిస్తాన్ తొలినాళ్ల కరెన్సీ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. ఒక్క సంగతి కలపాలనిపించింది. దేశం విడిపోయినా కొత్త దేశానికి వెంటనే సొంత కేంద్ర బ్యాంకు లేదు. అందుకే 1948 జూన్ 30 వరకు మన రిజర్వు బ్యాంకే రెండు దేశాల పనీ చూసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో పాకిస్తాన్ కోసం వచ్చిన నోట్లు మన నాసిక్ ముద్రణాలయంలో అచ్చయినవే. బ్రిటిష్ రాజు ఆరవ జార్జి బొమ్మ, రిజర్వు బ్యాంకు నోట్ల మీద గవర్నరు చింతామణ్ దేశ్‌ముఖ్ సంతకం, అన్నీ మామూలే. ముందువైపు ఖాళీ జాగాలో మాత్రం పైన ఇంగ్లీషులో 'గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్' అనీ, కింద ఉర్దూలో 'హుకూమత్-ఎ-పాకిస్తాన్' అనీ చేర్చారు.

అయితే నన్ను కట్టిపడేసేది వెనకవైపు. నోటు విలువ తెలిపే భాషల వరసలో తెలుగు కూడా అలాగే ఉండిపోయింది! అంటే కరాచీ, లాహోర్ బజార్లలో మన అక్షరాలున్న నోట్లు చేతులు మారాయన్నమాట. ఎంత ముచ్చటగా ఉందో! చరిత్ర పాఠాల్లో ఇలాంటివి చెప్పరెందుకో. 1948 జూలై 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్‌ను జిన్నా ప్రారంభించాక వాళ్ల సొంత నోట్లు మొదలయ్యాయి. వీలైతే ఆ వెనకవైపు ఫొటో కూడా వ్యాసంలో పెట్టండి, తెలుగువాళ్లందరూ చూడాలి.