సవరణ: డిప్రెషన్ మాత్రలు ఆపేయమని కాదు

"గర్భం వస్తే డిప్రెషన్ మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడాలి" అని మొన్న రాసినదాన్ని ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కొందరు "వెంటనే మానేయాలి" అని అర్థం చేసుకున్నారు. వద్దమ్మా, సొంతంగా ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, పాత దిగులు మళ్లీ ముదరడం జరగొచ్చు. తల్లికి తిండీ నిద్రా కరువైతే బిడ్డకూ మంచిది కాదు.

సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మాత్రను గర్భిణులకు చాలాకాలంగా ఇస్తున్నారు. పారాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మాత్రతో మాత్రం, మొదటి మూడు నెలల్లో వాడితే, బిడ్డకు గుండె లోపం వచ్చే అవకాశం కొద్దిగా పెరగొచ్చని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అది వాడేవాళ్లు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మాత్రల చీటీ దగ్గర పెట్టుకోండి.