ఎవడ్రా ఇది రాసింది?

టైలర్ దగ్గరికి పాత చొక్కా తీసుకెళ్తే ముందు కొలతలు తీసుకోడు. కుట్టు తిరగేసి చూసి "ఎక్కడ కుట్టించారండీ ఇది?" అంటాడు. ప్లంబరూ అంతే, తాపీమేస్త్రీ అంతే. ప్రోగ్రామర్లం మేమూ ఆ కోవలోని వాళ్లమే. కాకపోతే టైలర్ ఆ మాట అన్నాక చొక్కా బాగుచేసి ఇస్తాడు.

కొత్త ప్రాజెక్టులో చేరినవాడు మొదటి వారం చేయాల్సిన పని ఒక్కటే. పాత కోడ్ తెరవాలి, కుర్చీలో వెనక్కి వాలాలి, పక్క సీటుకు వినపడేలా నిట్టూర్చాలి. "మొత్తం పీకేసి మళ్లీ రాయాలి" అనాలి. ఈ మాట అనడానికి కోడ్ చదవనక్కర్లేదు. చదివితే అనే ధైర్యం పోతుంది కూడా. అనుభవం ఉన్నవాళ్లయితే ఏ భాషలో రాయాలో కూడా చెప్తారు. అది సాధారణంగా వాళ్లు పోయిన ఆదివారం నేర్చుకోవడం మొదలుపెట్టిన భాష. వెనకటికి నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ వాళ్లు ఇదే పని చేశారు. 1997లో నాలుగో వెర్షన్ ఇచ్చి, మొత్తం మళ్లీ రాయడానికి కూర్చుని, 2000 చివర్లో ఆరో వెర్షన్‌తో లేచారు. ఐదు రానేలేదు. ఈలోగా జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అలవాటుపడిపోయారు. ఈ కథ మాలో చాలామందికి తెలుసు. అయినా మా ప్రాజెక్టు వేరు.

తిట్టాక ఎవర్ని తిట్టామో తేలాలి కదా. దానికి గిట్ ఉంది, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారుచేశాడు. ఇంగ్లండులో గిట్ అంటే తిట్టేనట, పేరు బాగానే కుదిరింది. అందులో బ్లేమ్ అని కొడితే ప్రతి లైను పక్కనా దాన్ని చివరిసారి ముట్టుకున్నవాడి పేరు, తేదీ, టైముతో సహా వచ్చేస్తాయి. అంతకుముందు వచ్చిన ఇలాంటి సాఫ్ట్‌వేరే అయిన సబ్‌వెర్షన్‌లో ఇదే పనికి ప్రైజ్ అని ఇంకో పేరు కూడా ఉంది. నిందించినా పొగిడినా వచ్చేది అదే జాబితా. నా సర్వీసులో ఆ రెండోది కొట్టినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. గిట్‌లో అది పెట్టనే లేదు.

మొన్న గురువారం రాత్రి పదకొండున్నర. మాదాపూర్‌లో మా ఫ్లోర్ మీద నేనూ, చేరి నెల కూడా కాని కుర్రాడూ మిగిలాం. బిల్లుల్లో రూపాయి తేడా వస్తోంది. రెండు గంటలు గాలిస్తే 412వ లైను దొరికింది. పైసల్ని రౌండ్ చేయకుండా కత్తిరించి పారేస్తోంది. పైన కామెంటు, అంటే కోడ్ రాసినవాడు తేదీ వేసి పెట్టుకున్న గమనిక: "తాత్కాలికం. సోమవారం మారుస్తా." ఎవడ్రా ఇది రాసింది అని గట్టిగానే అని, బ్లేమ్ కొట్టాను.

కుర్రాడి పేరు వచ్చింది.

"అన్నా, కామెంట్లో 2019 అని ఉందన్నా. అప్పుడు నేను టెన్త్" అన్నాడు వాడు.

నిజమే. జరిగిందేమిటంటే, లైను ముందు ఖాళీ వదలడానికి ట్యాబ్‌ల కంటే స్పేస్‌లే మేలని అంతకుముందు వారమే వాడికి నలభై నిమిషాలు క్లాసు పీకాను. ఆ విషయంలో నావి చాలా గట్టి అభిప్రాయాలు. వాడు భక్తిగా విని, ప్రాజెక్టు మొత్తం మీద ఫార్మాటర్ (కోడ్‌ని ఒకే తీరుగా సర్దే టూల్) నడిపి, ప్రతి ట్యాబ్‌నీ నాలుగు స్పేస్‌లుగా మార్చేశాడు. ట్యాబ్ లేని లైను మా కోడ్‌లో దాదాపు లేదు. దాంతో ఇన్నేళ్ల మా పాపమంతా ఒక్క మధ్యాహ్నంలో వాడి పేరు మీదికి రిజిస్ట్రేషన్ అయిపోయింది.

గిట్‌లో డ్యాష్ డబ్ల్యూ అని ఒక ఆప్షన్ ఉంది. ఖాళీల మార్పుల్ని లెక్కలోకి తీసుకోకుండా అసలు రాసినవాణ్ణి చూపిస్తుంది. కుర్రాడు క్యాబ్ కోసం కిందికి దిగాక కొట్టి చూశాను. చూసి కామెంటు తీసేశాను. కాలం చెల్లిన కామెంట్లు కోడ్‌లో ఉంచకూడదని నా గట్టి అభిప్రాయం. లైను మాత్రం ముట్టుకోలేదు. సరిచేసే పని కుర్రాడికే అప్పగిద్దామనుకున్నాను, బాధ్యత అలవాటు కావాలి కదా.

మర్నాడు పొద్దున స్టాండప్‌లో, అంటే టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగులో, మేనేజరు "ఎవరిదయ్యా ఆ లైను?" అన్నారు. బ్లేమ్ తెరిచి స్క్రీన్ షేర్ చేశాను. డ్యాష్ డబ్ల్యూ గురించి ఆయన అడగలేదు.