నిరాకార గ్రంథాలయం

మా ఇంటి ఆస్తి పన్ను నోటీసులో నాకెంతో ఇష్టమైన పంక్తి ఒకటుంది. గ్రంథాలయ సుంకం. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వేస్తారు. పదిహేనేళ్లుగా క్రమం తప్పకుండా కడుతున్నాను. డ్రైనేజీ పన్ను కట్టినందుకు కనీసం మురుగైనా కనిపిస్తుంది. దీపాల పన్ను కట్టినందుకు దీపం లేకపోయినా స్తంభం కనిపిస్తుంది. ఈ ఒక్క పంక్తికి మాత్రం ఎదురుగా ఏమీ కనిపించదు. మా కాలనీకీ, దాని వెనక ఉన్న మూడు బస్తీలకూ కలిపి ఒక్క గ్రంథాలయమైనా లేదు.

మొదట్లో అజ్ఞానం కొద్దీ కోపగించుకునేవాణ్ణి. పోనుపోను తత్త్వం బోధపడింది. ఊరి నడిబొడ్డున ఉండేవారిది సగుణోపాసన. గోడలు, బీరువాలు, ఫ్యాను, గుమ్మం పక్కన చెప్పుల వరస లేనిదే వారికి భక్తి కుదరదు. శివార్లలో ఉండే మేము వారికంటే ఒక మెట్టు పైన ఉన్నామని ప్రభుత్వం గుర్తించింది. అందుకే మాకు నిర్గుణ, నిరాకార గ్రంథాలయాన్ని ప్రసాదించింది. దానికి తలుపుల్లేవు కనుక తాళం పడదు. పుస్తకాల్లేవు కనుక చెదలు పట్టవు. ఏడాదికోసారి నోటీసు రూపంలో దర్శనమిస్తుంది, దక్షిణ తీసుకుని అంతర్ధానమవుతుంది.

మన పెద్దలది మరీ స్థూల దృష్టి. 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1914లో బెజవాడలో సభ చేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా ఊరూరా గ్రంథాలయాలంటూ తిరిగారు. పాతూరి నాగభూషణం గారైతే 1935లో పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద పల్లెలకు పంపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే పోవాలట! మా కాలనీలోనూ కాలువ ఉంది. వానాకాలంలో అది వీధులన్నీ చుట్టి వస్తుంది, పడవ నడపడానికి వేరే ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పుస్తకాలే ఇంకా బయలుదేరలేదు.

కట్టిన సుంకం ఏమవుతుందని అడిగే లౌకికులూ ఉన్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నుతో పాటు దాన్ని వసూలు చేసేది స్థానిక సంస్థ, అందుకోవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థ. నడుమ ఆ డబ్బు చేసే ప్రయాణం వెనకటి రోజుల్లో కాశీయాత్ర లాంటిది. బయలుదేరినట్టు అందరికీ తెలుసు, తిరిగొస్తే పండుగ. బకాయిల కోసం గ్రంథాలయ సంస్థ లేఖ రాస్తుంది. ఆ లేఖలన్నీ కుట్టించి అట్టలు వేయిస్తే మా కాలనీకి చిన్న గ్రంథాలయం సరిపడా అవుతుందని నా అంచనా.

ఇంత నిరాకారంలోనూ మాకొక ఉత్సవం ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. గ్రంథాలయం లేని మా కాలనీలో కూడా ఒకరోజు జరిపారు. కమ్యూనిటీ హాలు ముందు షామియానా, మూడు శాలువాలు, ఆరు జ్ఞాపికలు, ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి సూత్రం: 'ప్రతి పాఠకుడికీ తన పుస్తకం'. దాని కింద బల్ల మీద పుస్తక ప్రదర్శన. లెక్కపెట్టాను, పద్నాలుగు. వాటి చుట్టూ కొబ్బరి తాడు. తాడు లోపల కుర్చీలో ఒక ఉద్యోగి. పిల్లలు పుస్తకాలు ముట్టుకోకుండా చూడటం ఆయన పని.

పదింటికి రావలసిన ముఖ్య అతిథి పన్నెండింటికి వచ్చారు. పటానికి దండ వేసి, మైకు అందుకుని, 'మీలో రోజూ గ్రంథాలయానికి వెళ్లేవాళ్లు చేతులెత్తండి' అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన మనసు చివుక్కుమంది. నేటి తరం ఎటు పోతోందని అయిదు నిమిషాలు బాధపడ్డారు. ఇంతలో వెనక నిలబడిన మాస్టారు పిల్లలకు కళ్లతోనే ఏదో చెప్పారు. బిలబిలా చేతులన్నీ లేచాయి. అతిథిగారి ముఖం వికసించింది, ఫొటోగ్రాఫరు ముందుకు దూకాడు. తెల్లవారి ఒక పత్రికలో ఆ ఫొటో కింద 'గ్రంథాలయాలకు పోటెత్తుతున్న చిన్నారులు' అని వేశారు. గ్రంథాలయం మీద వ్యాసం రాసినందుకు మొదటి బహుమతి స్టీలు టిఫిను డబ్బా. ప్రోత్సాహక బహుమతి పొందిన కుర్రవాడు మాత్రం నిజం రాశాడు: 'గ్రంథాలయంలో లావు పుస్తకాలు, సన్న పుస్తకాలు ఉంటాయి. మా మేనమామ చూశాడు.'

తాడు దగ్గర ఒక పిల్ల నిలబడింది. ఎనిమిదో తరగతి, మా పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు. తెరిచి పెట్టిన పక్షుల పుస్తకం మీదికి మెడ సాచి, తాడు పొట్టకు ఒరుసుకుంటుండగా ఆ రెండు పేజీలూ చదివేసింది. ఆఖరి వాక్యం సగంలో ఆగి తరువాతి పేజీలోకి పోయింది. 'తిప్పరా సార్?' అంది. ఆ ఉద్యోగి అటూ ఇటూ చూసి ఒక పేజీ తిప్పాడు. అది చదివి మళ్లీ చూసింది. మళ్లీ తిప్పాడు. పాపం, మంచివాడే. రెండింటికి ఆటో వచ్చింది, పద్నాలుగు పుస్తకాలనూ లెక్క చూసుకుని ఎక్కించుకుపోయారు. మా ప్రాంతం ఎరిగిన సంచార గ్రంథాలయం ఆ ఆటో ఒక్కటే.

ఇలాంటి పిల్లలున్న చోట గ్రంథాలయం పెట్టమంటే 'ఈ రోజుల్లో ఎవరు చదువుతారండీ, అంతా ఫోనులోనే ఉందిగా' అంటారు. ఎవరి ఫోనులో? ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది పొద్దున్నే తండ్రి జేబులో పోతుంది. లిఫ్టు పక్కన ఒక్క గదిలో అయిదుగురు. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంది, ఎవరైనా దిగినప్పుడల్లా లేచి దారి ఇస్తుంది. బస్సు దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పోటీ పరీక్షల కుర్రవాళ్లు సొంత పుస్తకాలు చంకన పెట్టుకుని, తలుపు తీయకముందే వరసలో నిలబడి ఉంటారు. వాళ్లకు కావలసింది ఒక కుర్చీ, ఒక దీపం, కాస్త నిశ్శబ్దం. అవి కూడా ఇవ్వలేక వాళ్లనే సోమరులంటారా? చదవరని తీర్పు చెప్పేది ఎవరు? ఇంట్లో చదువుకునే గది ఉండి, పిల్లలకు నెలనెలా పుస్తకాలు కొనిచ్చేవాళ్లు! సిగ్గుండాలి.

కోపం వచ్చింది, మన్నించండి. నిరాకారోపాసకుడికి తగని పని.

ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆ శాఖా గ్రంథాలయానికే వెళ్లాను, సభ్యత్వం ఇప్పిద్దామని. ఇంటి పన్ను రశీదు తెమ్మన్నారు. ఇల్లే లేని వాళ్లకు రశీదు ఎక్కడిది? అయితే పన్ను కట్టేవారెవరైనా జామీను ఉండాలన్నారు. గర్వంగా నా పదిహేనేళ్ల రశీదులూ బల్ల మీద పరిచాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చిరునామా చూశారు.

'మీ కాలనీ మా శాఖ పరిధిలోకి రాదు సార్.'

'మరి ఏ శాఖ పరిధిలోకి వస్తుంది?'

చాలాసేపు రిజిస్టరు తిరగేశారు. 'ఏ శాఖ పరిధిలోకీ రాదు. మీ జామీను చెల్లదు.'

'మరి ఈ సుంకం?' అన్నాను, ఆ పంక్తి మీద వేలు పెట్టి.

'అది కట్టాలి సార్' అన్నారు.